జీవాలన్నీ గొర్రెలు కావు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"నీ ఉద్యోగానికి సంబంధించిన విషయం ఏదైనా ఒకటి పిల్లలకు అర్థమయ్యేటట్టు చెప్పు" అని సంఘం కార్యవర్గం వారు నన్ను అడిగారు. బడి జ్ఞాపకాలు నా కంటే బాగా చెప్పేవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. అందుకని నేను పాఠమే చెబుతాను. జావా అనే కంప్యూటరు భాషలో వారసత్వం, టైప్ కాస్టింగ్ అనే రెండు సంగతులు. కంప్యూటరు తెలియని పెద్దలు కంగారు పడొద్దు. గొర్రెలు, మేకలు తెలిస్తే చాలు.

ఈ విషయాన్నే ఎందుకు ఎంచుకున్నానో ముందు చెబుతాను. ఉద్యోగాల కోసం వచ్చే పిల్లలను ఇంటర్వ్యూ చేయడం చాలా ఏళ్లుగా నా పనిలో భాగం. మన వైపు నుంచి వచ్చిన పిల్లలను "అప్‌కాస్టింగ్ అంటే ఏమిటి? డౌన్‌కాస్టింగ్ అంటే ఏమిటి?" అని అడిగితే పుస్తకంలో ఉన్న నిర్వచనాన్ని ఒక్క గుక్కలో ఇంగ్లీషులో అప్పజెబుతారు. "సరే, కాస్ట్ చేసినప్పుడు ఆ ఆబ్జెక్టు మారుతుందా, మారదా?" అని అడిగితే ఆగిపోతారు. తెలివి తక్కువై కాదు. తమ మాటల్లో ఆ సంగతిని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. మారదు అన్నదే జవాబు. ఎందుకు మారదో, అది తెలియకపోతే ఎవరికి నష్టమో చెప్పడమే ఇవాళ నా పని.

మన వరికుంటపాడు, ఉదయగిరి వైపు "జీవాలు" అనే మాటను ఎలా వాడతామో ఒకసారి గమనించండి. సాయంత్రం మంద ఇంటికి వస్తుంటే "జీవాలు వస్తున్నాయి" అంటాం. అందులో గొర్రెలుంటాయి, మేకలూ ఉంటాయి. "ఆయనకెన్ని జీవాలున్నాయి?" అని అడిగితే "ఎనభై" అంటామే తప్ప గొర్రెలెన్నో మేకలెన్నో విడదీసి చెప్పం. అవసరం పడితేనే విడదీస్తాం. ఈ అలవాటు మీకుంటే జావాలో సగం పాఠం మీకు వచ్చినట్టే.

క్లాస్ అంటే ఒక రకం వస్తువులన్నిటికీ ఉమ్మడి నమూనా. ఆ నమూనా ప్రకారం తయారైన ఒక్కొక్క వస్తువూ ఒక ఆబ్జెక్టు. మనం "జీవం" అనే క్లాసు రాశామనుకుందాం. దానికి చెవి నంబరు, వయసు, బరువు ఉంటాయి. నట్టల మందు తాగించడం, పారుడు రోగానికి టీకా వేయడం లాంటి పనులుంటాయి. ఈ పనులనే మెథడ్లు అంటారు. ఇవి గొర్రెకూ మేకకూ రెండింటికీ అవసరమే. కాబట్టి రెండుసార్లు రాయకుండా ఒకసారి జీవం క్లాసులో రాసి, గొర్రె అనే క్లాసు, మేక అనే క్లాసు దాని వారసులని చెబుతాం. జావాలో దానికి వాడే మాట ఎక్స్‌టెండ్స్. ఇదే వారసత్వం. తల్లి క్లాసులో ఉన్న మెథడ్లు పిల్ల క్లాసులకు వస్తాయి. పిల్ల క్లాసు తనకు మాత్రమే సంబంధించిన పనులను అదనంగా చేర్చుకోవచ్చు. మన ప్రాంతంలో నీలినాలుక వ్యాధి ముఖ్యంగా గొర్రెలను పీడిస్తుంది కాబట్టి ఆ టీకా మెథడ్‌ను గొర్రె క్లాసులో మాత్రమే పెట్టామనుకోండి.

ఇక్కడ ఒక చిన్న ప్రశ్న. మన నెల్లూరు గొర్రెల్లో పల్ల, జోడిపి, దొర అని మూడు రకాలున్నాయి. పల్ల తెల్లగా ఉంటుంది. జోడిపి తెల్లగానే ఉండి మూతి దగ్గర, కళ్ల చుట్టూ నల్లమచ్చలుంటాయి. దొర గోధుమరంగులో ఉంటుంది. మరి మూడు పిల్ల క్లాసులు రాయాలా? మన ప్రోగ్రాము వాటికి చేసే పనుల్లో తేడా లేకపోతే అక్కర్లేదు. గొర్రె క్లాసులో "రంగు" అని ఒక గడి పెడితే సరిపోతుంది. చేసే పని వేరైతేనే వేరే క్లాసు. రూపం మాత్రమే వేరైతే ఒక గడి చాలు. ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఈ ఒక్క మాట గుర్తుంచుకున్నా ప్రాజెక్టులో సగం క్లాసులు తగ్గుతాయి.

ఈ ఆలోచన జావాతో పుట్టింది కాదు. నార్వే దేశంలోని ఓస్లోలో ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నిగార్డ్ అనే ఇద్దరు 1960లలో సిమ్యులా అనే భాషను తయారు చేశారు. క్లాసు, ఆబ్జెక్టు, వారసత్వం మూడూ సిమ్యులా 67లో ఉన్నాయి. ఆ కృషికి వారిద్దరికీ 2001 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. సన్ మైక్రోసిస్టమ్స్‌లో జేమ్స్ గోస్లింగ్ బృందం 1991లో మొదలుపెట్టిన పని 1995లో జావాగా బయటికి వచ్చింది. జావాలో ఒక క్లాసుకు తల్లి క్లాసు ఒకటే ఉంటుంది. ఏ క్లాసైనా పైకి పోతూ ఉంటే చివరికి ఆబ్జెక్ట్ అనే మూల క్లాసు దగ్గరికి చేరాల్సిందే.

ఇప్పుడు కాస్టింగుకు వద్దాం. జావా మొదటినుంచీ యూనికోడ్ మీద ఆధారపడిన భాష. కాబట్టి క్లాస్, న్యూ లాంటి కీలక పదాలు ఇంగ్లీషులోనే ఉన్నా, మనం పెట్టుకునే పేర్లు తెలుగులో ఉండొచ్చు. "గ" అనే పేరుతో మన దగ్గర ఒక గొర్రె ఉంది. ఈ వాక్యం చూడండి:

జీవం జ = గ;

గొర్రెను జీవం అనే రకం పేరుకు అప్పగించాం. ఇది అప్‌కాస్టింగ్. గొర్రె అన్నాక అది జీవమే కదా, ఇందులో రుజువు చేయాల్సింది ఏమీ లేదు. అందుకే జావా ఏ ప్రశ్నా వేయదు. ఆ గొర్రెకూ ఏమీ కాలేదు. ఉన్నది ఒక్కటే గొర్రె. దానికిప్పుడు "గ" అని ఒక పేరు, "జ" అని ఒక పేరు ఉన్నాయి. "జ" అనే పేరుతో పిలిచినప్పుడు జీవాలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న పనులు మాత్రమే అడగగలం. నీలినాలుక టీకా వేయమంటే కంపైలర్ ఒప్పుకోదు. "ఇది జీవమని మాత్రమే నాకు చెప్పావు. జీవాలన్నిటికీ ఆ టీకా లేదు" అంటుంది. టీకా వేసే మెథడ్ ఎక్కడికీ పోలేదు. ఆ పేరుతో అడిగే వీలు లేదు, అంతే.

వెనక్కి పోవాలంటే ఇలా రాయాలి:

గొర్రె గ2 = (గొర్రె) జ;

ఇది డౌన్‌కాస్టింగ్. ఆ బ్రాకెట్ల అర్థం "దీన్ని గొర్రెగా మార్చు" అని కాదు. "ఇది గొర్రెనే, నాది హామీ" అని. మనం హామీ ఇస్తున్నాం కాబట్టి కంపైలర్ సరేనంటుంది. కానీ ప్రోగ్రాము నడిచేటప్పుడు జావా యంత్రం ఆ హామీని నమ్మి ఊరుకోదు. అసలు ఆబ్జెక్టు దగ్గరికి పోయి చూస్తుంది. గొర్రె అయితే ముందుకు పోనిస్తుంది. మేక అయితే క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్ అనే తప్పు చూపించి అక్కడే ఆపేస్తుంది. కంపైలర్ రిజిస్టరులో రాసిన రకాన్ని చూస్తుంది, జావా యంత్రం ఎదురుగా ఉన్న పశువును చూస్తుంది అనుకోండి. ఈ తేడా అర్థమైతే కాస్టింగ్ మొత్తం అర్థమైనట్టే.

హామీ ఇచ్చే ముందు మనమే చూసుకోవడానికి ఇన్‌స్టాన్స్‌ఆఫ్ అనే మాట ఉంది. "జ అనేది గొర్రెనా?" అని అడుగుతుంది. ఔనంటేనే కాస్ట్ చేయాలి. 2021లో వచ్చిన జావా 16 నుంచి ఈ రెండు పనులూ ఒకే వాక్యంలో అయ్యే వీలు స్థిరపడింది. అడగడం, ఔనంటే కొత్త పేరుతో అందుకోవడం ఒకేసారి జరుగుతాయి.

అయితే ప్రతిచోటా "నువ్వు గొర్రెవా, మేకవా?" అని అడుగుతూ పోవడం కూడా మంచి పద్ధతి కాదు. నట్టల మందు సంగతే తీసుకోండి. మోతాదు బరువును బట్టి, జాతిని బట్టి మారుతుంది. గొర్రె లెక్క వేరు, మేక లెక్క వేరు. జీవం క్లాసులో నట్టల మందు మెథడ్ ఉంది. గొర్రె క్లాసు దాన్ని తన లెక్క ప్రకారం తిరగరాసుకుంటుంది, మేక క్లాసు తన లెక్క ప్రకారం తిరగరాసుకుంటుంది. దీన్నే ఓవర్‌రైడింగ్ అంటారు. ఇప్పుడు మందలోని 80 జీవాలనూ జీవాలుగానే పిలిచి "నట్టల మందు" అంటే చాలు. గొర్రెకు గొర్రె మోతాదు, మేకకు మేక మోతాదు దానంతట అదే పడుతుంది. పిలిచింది జీవం అన్న పేరుతోనే అయినా, జవాబు చెప్పేది అసలు ఆబ్జెక్టే. అప్‌కాస్టింగులో ఆబ్జెక్టు మారదు అనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇది తెలియకపోతే నష్టం ఎవరికి అని మొదట అడిగాను కదా. నేను గతంలో పనిచేసిన ఒక చోట జరిగింది చెబుతాను. జీతాల లెక్క వేసే ఒక పాత ప్రోగ్రాము ఉండేది. ఉద్యోగి అని తల్లి క్లాసు, శాశ్వత ఉద్యోగి అని పిల్ల క్లాసు. రాసిన రోజుల్లో అక్కడ ఉన్నవాళ్లంతా శాశ్వత ఉద్యోగులే. కాబట్టి జాబితాలోని ప్రతి ఉద్యోగినీ శాశ్వత ఉద్యోగిగా కాస్ట్ చేసి లెక్క వేసేవారు. ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ రాలేదు. తర్వాత డ్రైవర్లను, శుభ్రం చేసేవాళ్లను కాంట్రాక్టు మీద తీసుకుని, కాంట్రాక్టు ఉద్యోగి అనే ఇంకో పిల్ల క్లాసు చేర్చి అదే జాబితాలో కలిపారు. నెలాఖరు రాత్రి మొదటి కాంట్రాక్టు ఉద్యోగి పేరు రాగానే ప్రోగ్రాము ఆగిపోయింది.

అంతవరకు పరవాలేదు. జావా చేయాల్సిన పని చేసింది. అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. తెల్లారేసరికి జీతాలు పడాలన్న తొందరలో, ఆ తప్పు వచ్చినప్పుడల్లా దాన్ని పట్టుకుని, ఏమీ అనకుండా తర్వాతి పేరుకు పోయేటట్టు నాలుగు లైన్లు చేర్చారు. ప్రోగ్రాము చివరిదాకా నడిచింది. తప్పు ఏదీ కనపడలేదు. శాశ్వత ఉద్యోగులందరికీ జీతం పడింది. కాంట్రాక్టు వాళ్లకు ఒక్కరికీ పడలేదు. ఆ నెల జీతం ఒక్కరోజు ఆలస్యమైనా ఇబ్బంది పడేది ఎవరో వాళ్లకే పడలేదు. రెండో రోజు వాళ్లు వచ్చి అడిగితే గానీ సంగతి బయటపడలేదు. చివరికి చేసిన మరమ్మతు చాలా చిన్నది. "జీతం లెక్క" అనే మెథడ్‌ను ఉద్యోగి క్లాసులో ప్రకటించి, రెండు పిల్ల క్లాసులూ ఎవరి లెక్క వాళ్లు రాసుకునేటట్టు చేశారు. కాస్ట్ అవసరమే లేకుండా పోయింది.

అందుకే పిల్లలకు చెబుతున్నాను. ఆగిపోయిన ప్రోగ్రాము మీకు మేలు చేస్తోంది. నోరు మూయించిన ప్రోగ్రాము ఎవరి కడుపో కొడుతుంది.

వారసత్వం విషయంలో కూడా ఇలాంటి జాగ్రత్త ఒకటుంది. "గొర్రెకూ మేకకూ చాలా పోలికలున్నాయి, మేకను గొర్రెకు వారసురాలిగా రాస్తే పని తగ్గుతుంది" అని ఎవరికైనా అనిపించవచ్చు. అలా రాసిన రోజు నుంచి జావా దృష్టిలో మేక కూడా ఒక గొర్రె. నీలినాలుక టీకా జాబితాలో మేకలు వచ్చి కూర్చుంటాయి. ఇన్‌స్టాన్స్‌ఆఫ్ అడిగినా ఔనంటుంది. మనం రాసిందే అది నమ్ముతుంది. వారసత్వం టైపింగ్ తగ్గించుకునే ఉపాయం కాదు. తల్లి క్లాసు ఇచ్చిన మాటలన్నీ పిల్ల క్లాసు నిలబెడుతుందని ఒప్పుకోవడం. బార్బరా లిస్కోవ్ అనే శాస్త్రవేత్త 1987లో ఒక ప్రసంగంలో ఈ నియమాన్ని ముందుకు తెచ్చారు. 1994లో జానెట్ వింగ్‌తో కలిసి రాసిన పత్రంలో దానికి గణిత రూపం ఇచ్చారు. తల్లి రకం ఆబ్జెక్టు వాడిన చోట పిల్ల రకం ఆబ్జెక్టును పెట్టినా ప్రోగ్రాము సరిగ్గా నడవాలి అన్నది దాని సారాంశం. ఆమెకు 2008 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

జావాతో పాటు వచ్చే క్లాసుల్లోనే ఈ నియమానికి సరిపడని ఉదాహరణలున్నాయి. స్టాక్ అంటే పళ్లేల దొంతర లాంటిది. పైన పెట్టాలి, పైనుంచే తీయాలి. కానీ జావాలో స్టాక్ క్లాసును వెక్టర్ అనే వరుస క్లాసుకు వారసురాలిగా రాశారు. దాంతో వెక్టర్‌కున్న మెథడ్లన్నీ స్టాక్‌కు వచ్చాయి. దొంతర మధ్యలోకి పళ్లెం దూర్చవచ్చు, మధ్యలోంచి లాగవచ్చు. ఇంకొకటి ప్రాపర్టీస్. అందులో పేరూ విలువా రెండూ అక్షరాలే అయి ఉండాలి. కానీ అది హ్యాష్‌టేబుల్‌కు వారసురాలు. కాబట్టి తల్లి నుంచి వచ్చిన పుట్ అనే మెథడ్ ద్వారా అందులో అంకెలైనా, మరేదైనా పెట్టవచ్చు. పెట్టేటప్పుడు ఎవరూ అడ్డుకోరు. తర్వాత దాన్ని ఫైల్లో రాసేటప్పుడు క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్ వస్తుంది. వారసత్వంలో జరిగిన పొరపాటు కాస్టింగ్ దగ్గర బయటపడటం అంటే ఇదే. అప్పటికే రాసిన ప్రోగ్రాములు ఎక్కడ ఆగిపోతాయోనని ఆ రెండు క్లాసులనూ నేటికీ అలాగే ఉంచారు.

ఇప్పుడు అంకెల సంగతి. ఇక్కడే పిల్లలు ఎక్కువగా తికమకపడతారు. అంకెలను కాస్ట్ చేయడానికి కూడా అవే బ్రాకెట్లు వాడతాం, దాన్నీ టైప్ కాస్టింగ్ అనే అంటాం. కానీ జరిగే పని పూర్తిగా వేరు. ఆబ్జెక్టును కాస్ట్ చేస్తే ఆబ్జెక్టు మారదు. అంకెను కాస్ట్ చేస్తే విలువే మారవచ్చు. నాలుగు సోలలు ఒక మానిక. సోలెడు గింజలను మానికలో పోస్తే ఏ ఇబ్బందీ లేదు. మానికెడు గింజలను సోలలో పోస్తే పొర్లిపోతాయి. జావాలో 3.99ను పూర్ణాంకంగా కాస్ట్ చేస్తే 3 వస్తుంది. దగ్గరి అంకెకు సవరించదు, చుక్క తర్వాత ఉన్నదంతా పారేస్తుంది. బైట్ అనే రకంలో మైనస్ 128 నుంచి 127 దాకానే పడుతుంది. 130ని బైట్‌గా కాస్ట్ చేస్తే మైనస్ 126 అవుతుంది. ఇక్కడ ఏ ఎక్సెప్షనూ రాదు. మేకను గొర్రె అంటే ఆపే జావా, 130ని మైనస్ 126 చేసి కిమ్మనకుండా ముందుకు పోతుంది. అందుకే పెద్ద అంకెను చిన్న రకంలోకి దించేటప్పుడు పట్టకపోతే తప్పు చూపించే మెథడ్లు వాడాలి. లాంగ్ నుంచి ఇంట్‌కు దించడానికి 2014లో జావా 8తో వచ్చిన టూఇంట్ఎగ్జాక్ట్ అలాంటిదే.

శ్రీహరికోట ప్రయోగాల వార్తలు వింటూ పెరిగిన వాళ్లం మనం. కాబట్టి ఒక రాకెట్ సంగతి చెబుతాను. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి యూరప్ వారి ఏరియాన్ 5 మొదటిసారి లేచింది. దాని ప్రోగ్రాములో 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంలోకి దించే చోటొకటి ఉంది. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 32,767. ఆ భాగాన్ని అంతకు ముందున్న ఏరియాన్ 4 నుంచి ఉన్నది ఉన్నట్టు తీసుకున్నారు. ఏరియాన్ 4 వెళ్లే దారిలో ఆ విలువ ఎప్పుడూ అంత పెద్దది కాదు. కొత్త రాకెట్ దారి వేరు. ఆ సంఖ్య పట్టలేదు, తప్పు వచ్చింది, దాన్ని అందుకుని సరిదిద్దే ఏర్పాటు ఆ చోట లేదు. దిక్కు చెప్పే కంప్యూటర్లు రెండూ ఒకే ప్రోగ్రాముతో నడుస్తున్నాయి కాబట్టి రెండూ ఆగిపోయాయి. దాదాపు 40 సెకన్లలో రాకెట్, దానితో పాటు నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు పోయాయి. ఆ ప్రోగ్రాము రాసింది ఏడా భాషలో, జావాలో కాదు. అక్కడిది క్లాసుల వారసత్వమూ కాదు. కానీ పాత ప్రోగ్రాముతో పాటు పాత నమ్మకం కూడా కొత్త రాకెట్‌కు వచ్చింది. జీతాల ప్రోగ్రాములో జరిగిందీ అదే. "అందరూ శాశ్వత ఉద్యోగులే" అన్న పాత నమ్మకమే కొంప ముంచింది.

చివరిగా ఇంజనీరింగ్, డిప్లొమా చదువుతున్న పిల్లలకు నాలుగు మాటలు. ఒకటి, వారసత్వం రాసే ముందు "మేక ఒక గొర్రె" లాగా ఆ వాక్యాన్ని తెలుగులో బయటికి చదవండి. నవ్వొస్తే రాయొద్దు. రెండు, డౌన్‌కాస్ట్ రాయాల్సి వస్తే ఆ పనిని తల్లి క్లాసులో మెథడ్‌గా పెట్టగలమా అని ముందు ఆలోచించండి. మూడు, తప్పనిసరైతే ముందు అడిగి, తర్వాత కాస్ట్ చేయండి. 2004లో జావా 5తో జెనరిక్స్ వచ్చాక జాబితాల్లోంచి తీసే ప్రతి వస్తువునూ కాస్ట్ చేసే అవసరం తప్పింది. ఇది గొర్రెల జాబితా అని ముందే చెబితే మేకను చేర్చేటప్పుడే కంపైలర్ పట్టుకుంటుంది. ఆ సౌకర్యం వాడుకోండి. నాలుగు, ఎక్సెప్షన్ వస్తే దాని నోరు నొక్కకండి. అది ఎవరి తరఫున అరుస్తోందో చూడండి.

తెలుగు మీడియంలో చదివామని వెనకాడే పిల్లలకు ఇంకొక్క మాట. ఇంటర్వ్యూలో ఇంగ్లీషు కావాలి, అది నేర్చుకోవాల్సిందే. కానీ అర్థం చేసుకోవడానికి ఇంగ్లీషు వచ్చేదాకా ఆగక్కర్లేదు. ముందు విషయం మన మాటల్లో తలకెక్కాలి. తర్వాత దాన్ని ఏ భాషలోనైనా చెప్పవచ్చు.

కాబట్టి ఇంటికి పని ఇస్తున్నాను. జావా ఉచితంగా దొరుకుతుంది, బడి కంప్యూటరులో వేసుకోవచ్చు. జీవం, గొర్రె, మేక అని మూడు క్లాసులు తెలుగు పేర్లతోనే రాయండి. మేక అని ప్రకటించిన పేరును నేరుగా గొర్రెగా కాస్ట్ చేసి చూడండి. తర్వాత అదే మేకను ముందు జీవం అనే రకం పేరుకు అప్పగించి, అక్కడినుంచి గొర్రెగా కాస్ట్ చేసి చూడండి. ఒకటి కంపైలర్ దగ్గర ఆగుతుంది, రెండోది నడిచేటప్పుడు ఆగుతుంది. ఎందుకు అలా ఆగాయో తెలుగులో నాలుగు వాక్యాలు రాసి మీ అయ్యవారికి చూపించండి. ఆ నాలుగు వాక్యాలు సొంతంగా రాయగలిగిన పిల్లవాడిని గానీ పిల్లను గానీ కాస్టింగ్ గురించి ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ ఆపలేరు.